కన్నులు మసకబారిన వేళ సూర్యకీర్తన

తెల్లవారి తలుపు తీయగానే మీ కంట పడేవి ఎన్నో ఉంటాయి. నీళ్లు చల్లిన వాకిలి, గోడ మీద వాలిన కాకి, పొయ్యిలో రాజుకొన్న మంట, రాత్రి నానబెట్టిన పప్పు. ఇవన్నీ రోజూ ఉండేవే కనుక వాటిని చూస్తాము గాని, వాటి ఎదుట శిష్యులమై నిలబడవలసిన పని ఉన్నదని తలచము. శ్రీమద్భాగవతంలోని అవధూత యదు మహారాజుకు తన 24 మంది గురువులను గూర్చి చెబుతూ నేలను, గాలిని, ఆకాశాన్ని, నీటిని, నిప్పును మొట్టమొదట పేర్కొనడం మీరెరిగినదే.

అదే విధంగా తన చుట్టూ ఉన్న ప్రతి వస్తువులోను తన మతం బోధించిన సత్యాన్ని చదువుకొన్న ఒక క్రైస్తవ సాధువు సుమారు 800 ఏళ్ల క్రితం ఇటలీ దేశంలో ఉండేవారు. ఆయన పేరు ఫ్రాన్సిస్. పుట్టిన ఊరు అసిసీ కనుక లోకం ఆయనను అసిసీ ఫ్రాన్సిస్ అని పిలుస్తున్నది. పక్షులకు ధర్మబోధ చేస్తున్నట్లు గీసిన ఆయన చిత్రాన్ని మీలో చాలామంది ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. ఆ చిత్రం చూసినవారికి ఈయన పుట్టుకతోనే ప్రకృతిని ప్రేమించినవాడని అనిపిస్తుంది. ఆయన చరిత్ర చదివితే సంగతి వేరుగా ఉంటుంది. పచ్చని పొలాలు కళ్లెదుట పరచుకొని ఉన్నా మనసుకు ఏమీ తోచని రోజు ఆయనకు ఒకటి వచ్చింది. కన్నులు తెరవలేని దశలో సూర్యచంద్రులను కీర్తించిన రోజు మరొకటి వచ్చింది. ఆ రెండు రోజుల నడుమ ఏమి జరిగిందో తెలుసుకొందాము.

పొలాలు మూగవోయిన రోజు

మధ్య ఇటలీలోని ఉంబ్రియా ప్రాంతంలో సుబాసియో అనే కొండ ఉన్నది. ఆ కొండ వాలున వెలసిన పట్టణం అసిసీ. దిగువన ద్రాక్షతోటలు, ఓలివ్ తోటలు, గోధుమ చేలు. 1181లో గాని 1182లో గాని ఫ్రాన్సిస్ అక్కడ జన్మించారు. తండ్రి పియెత్రో ది బెర్నార్దోనే పేరుమోసిన బట్టల వర్తకుడు. తల్లి పేరు పీకా. జ్ఞానస్నాన సమయంలో బిడ్డకు జొవాన్ని అని నామకరణం చేశారు. అప్పుడు వ్యాపారం మీద ఫ్రాన్సు దేశంలో ఉన్న తండ్రి తిరిగివచ్చి, తనకు ఇష్టమైన ఆ దేశం పేరు స్ఫురించేటట్లు ఫ్రాంచెస్కో అని పిలుచుకొన్నాడు. ఆ పేరే ఇంగ్లీషు వారి నోట ఫ్రాన్సిస్ అయి మనదాకా వచ్చింది.

కలవారి బిడ్డ కావడంతో ఫ్రాన్సిస్ యౌవనం పాటలతో, విందులతో, స్నేహితుల కోలాహలంతో గడిచింది. చేతికి ఎముక లేనట్లు ఖర్చు పెట్టేవారు. గొప్ప యోధుడు కావాలన్నది ఆయన కోరిక. 1202లో అసిసీకి, పొరుగున ఉన్న పెరూజా పట్టణానికి యుద్ధం వచ్చింది. కొల్లెస్త్రాదా అనే చోట అసిసీ సేన ఓడిపోయింది. పట్టుబడినవారిలో ఫ్రాన్సిస్ కూడా ఉన్నారు. దాదాపు ఒక సంవత్సరం శత్రువుల చెరసాలలో గడిపి ఇల్లు చేరారు. తరువాత దీర్ఘకాలం వ్యాధిగ్రస్తులై మంచం పట్టారు.

కొంత కోలుకొన్నాక ఒకనాడు చేతికర్ర ఆసరాతో నడచి ఊరి వెలుపలి పొలాల వంక ఆశగా చూశారు. అవే చేలు, అవే ద్రాక్షతోటలు. కాని, ఇదివరకు కంటికి పండువగా ఉండేవి ఆనాడు ఆయన మనసును రవ్వంత కూడా కదిలించలేదు. తనలో వచ్చిన ఆ మార్పును చూసి తానే విస్తుపోయారు. ఈ సంగతిని మనకు తెలియజేసినవారు చెలానో వాసి థామస్ అనే సన్యాసి. ఫ్రాన్సిస్ సంఘంలో చేరి, ఆయన కన్నుమూసిన రెండు మూడేళ్లకే తొలి జీవితచరిత్రను వ్రాసినవారు ఆయనే.

ఈ చిన్న సంఘటన దగ్గర ఒక్క నిమిషం ఆగండి. తీర్థయాత్రలకు, కొండ ప్రాంతాలకు వెళ్లినప్పుడు మనకు కూడా ఇటువంటి అనుభవం కలుగుతూనే ఉంటుంది. ఎంతో దూరం ప్రయాణం చేసి, గొప్ప దృశ్యం ఎదుట నిలబడి, మనసులో ఏమీ కదలక వెనుదిరిగి వస్తాము. లోపం దృశ్యంలో ఉన్నదని అనుకొంటాము. ఫ్రాన్సిస్ కూడా ఆ శూన్యానికి కారణం తెలియక కొంతకాలం తికమక పడ్డారు. మళ్లీ యుద్ధానికే బయలుదేరి దక్షిణ ఇటలీ వైపు సాగారు. స్పొలేతో పట్టణంలో రాత్రి నిద్రలో కలిగిన ఒక అనుభవం ఆయనను వెనుకకు మళ్లించింది. సేవకుణ్ణి విడిచి యజమానిని సేవించమన్న ప్రేరణ కలిగినదని ఆయన చరిత్రకారులు చెబుతారు.

గుర్రం దిగిన చోట

ఆ రోజులలో కుష్ఠువ్యాధి సోకినవారిని ఊళ్లోకి రానిచ్చేవారు కారు. అసిసీ చుట్టుపక్కల కూడా వారికోసం ప్రత్యేకించిన ఆశ్రయాలు ఉండేవి. సున్నితంగా పెరిగిన ఫ్రాన్సిస్ వారిని చూసి సహించలేకపోయేవారు. వారు ఉండే చోటు దూరాన కనబడితేనే ముక్కు మూసుకొని తప్పుకొని పోయేవారు.

ఒకనాడు గుర్రం మీద వెళుతుండగా దారిలో కుష్ఠువ్యాధిగ్రస్తుడు ఎదురయ్యాడు. ఫ్రాన్సిస్ మనసు ఎప్పటివలె వెనుకకు లాగింది. ఆయన ఆ మనసును జయించి గుర్రం దిగారు. ఆ వ్యక్తి చేతిలో నాణెం పెట్టి, ఆ చేతిని ముద్దుపెట్టుకొన్నారు. కొద్ది దినాల తరువాత తానే వారి ఆశ్రయానికి వెళ్లి, ఒక్కొక్కరికి దానమిచ్చి, వారి చేతులను కూడా అదే విధంగా ముద్దుపెట్టుకొన్నారు. అటు తరువాత వారి పుండ్లు కడిగి, వారి మధ్యనే నివసించి, సేవ చేశారు.

తన అంత్యకాలంలో చెప్పి వ్రాయించిన మరణశాసనంలో ఫ్రాన్సిస్ తన ఆధ్యాత్మిక జీవితానికి ప్రారంభ బిందువుగా ఈ అనుభవాన్నే పేర్కొన్నారు. ఇంతకు ముందు చేదుగా ఉన్నది తన దేహానికి, ఆత్మకు తీపిగా మారినదని అందులో చెప్పుకొన్నారు. జ్ఞాపకం చేసుకోవడానికి పక్షులు, పూవులు, కొండలు ఎన్నో ఉన్నప్పటికీ ఆయనకు మొదట గుర్తుకు వచ్చినవి ఆ రోగుల ముఖాలే. తోటి మనిషిని చూడ నిరాకరించిన కన్ను మరి దేనినీ సరిగా చూడలేదన్న సత్యం ఆయనకు ఆ బాట మీదనే బోధపడింది. మూగవోయిన పొలాలు మళ్లీ పలకడం మొదలుపెట్టినది అటు తరువాతనే.

వలువలు విడిచిన వేళ

అసిసీ గోడల వెలుపల శాన్ దమియానో అనే పాత చర్చి శిథిలావస్థలో ఉండేది. అక్కడి శిలువ చిత్రం ఎదుట ప్రార్థిస్తుండగా, పాడుపడిన తన ఇంటిని బాగు చేయమని క్రీస్తు ఆనతిచ్చినట్లు ఫ్రాన్సిస్‌కు తోచింది. ఆ మాటను ఆయన ఉన్నది ఉన్నట్లుగానే గ్రహించారు. తండ్రి దుకాణంలోని విలువైన బట్టలు తీసుకొని ఫొలీన్యో పట్టణం వెళ్లి, బట్టలతోపాటు గుర్రాన్ని కూడా అమ్మి, ఆ డబ్బు తెచ్చి చర్చి పూజారికి ఇవ్వబోయారు. ఆయన భయపడి పుచ్చుకోలేదు.

తండ్రి ఆగ్రహానికి అంతులేకపోయింది. ఆయన కోపాన్ని కూడా మనం తేలికగా కొట్టివేయరాదు. అమ్మినది ఆయన సొత్తు. దారి తప్పుతున్నవాడు ఆయన ఆశలు పెట్టుకొన్న కుమారుడు. కుమారుణ్ణి ఇంట్లో బంధించాడు. తల్లి జాలిపడి విడిపించింది. చివరకు తగవు అసిసీ బిషప్ గైడో సన్నిధికి వెళ్లింది. డబ్బు తిరిగి ఇమ్మని బిషప్ హితవు చెప్పగా, ఫ్రాన్సిస్ డబ్బుతోపాటు ఒంటి మీది బట్టలను కూడా విప్పి తండ్రి ముందు పెట్టారు. ఇకపై తనకు తండ్రి పరలోకమందున్న దేవుడు ఒక్కడేనని అందరి ఎదుట ప్రకటించారు. బిషప్ తన పైవస్త్రాన్ని ఆయనకు కప్పాడు. ఇది 1206 నాటి మాట.

సృష్టిలోని సమస్తాన్నీ ఆయన సోదరుడు, సోదరి అని పిలవడానికి మూలం ఇక్కడే ఉన్నది. తండ్రి దేవుడు ఒక్కడే అయినప్పుడు, ఆ దేవుడు చేసిన సూర్యుడు, నీరు, గొఱ్ఱెపిల్ల, రోగి అందరూ తన తోబుట్టువులే కదా! ఇందులో ఒక సూక్ష్మాన్ని మీరు గమనించాలి. మనం సూర్యుణ్ణి ప్రత్యక్ష దైవంగా అర్చిస్తాము. ఫ్రాన్సిస్ సూర్యుణ్ణి దైవంగా ఆరాధించలేదు. క్రైస్తవ ధర్మంలో సృష్టి వేరు, సృష్టికర్త వేరు. సూర్యుడు ఆయనకు అన్నగారు. ఆ అన్నగారి తేజస్సు తండ్రిని గుర్తుకు తెచ్చే ఆనవాలు. ఈ భేదాన్ని మరచి చదివితే ఆయనను అర్థం చేసుకోలేము.

ఆ తరువాత కొంతకాలం రాళ్లు మోసి శాన్ దమియానోతోపాటు మరి రెండు పాత చర్చీలను బాగు చేశారు. వాటిలో ఒకటి కొండ దిగువన, చెట్ల మధ్య ఉన్న పోర్ట్సియుంకోలా అనే చిన్న చర్చి. ఒకనాటి పూజలో, శిష్యులు సంచి గాని డబ్బు గాని లేకుండా లోకంలోకి వెళ్లాలన్న సువార్త భాగం విని, అదే తన మార్గమని నిశ్చయించుకొన్నారు. క్రమంగా సహచరులు చేరారు. 1209లో పదకొండు మందితో రోము నగరం వెళ్లి, పోపు మూడవ ఇన్నోసెంట్ నుండి తమ జీవన విధానానికి నోటిమాటగా అనుమతి పొందారు. అసిసీలోని ఉన్నత కుటుంబానికి చెందిన క్లారా అనే యువతి కూడా సర్వస్వం త్యజించి ఆయన మార్గాన్ని అనుసరించారు. శాన్ దమియానోయే ఆమెకు, ఆమె వెంట వచ్చిన సన్యాసినులకు నివాసమైంది. పోర్ట్సియుంకోలా స్థలం బెనెడిక్ట్ సంప్రదాయపు సన్యాసులది. అది తమ సొంతమన్న భావన కలుగరాదని ఫ్రాన్సిస్ ఏటేటా ఒక బుట్ట చేపలను వారికి అద్దెగా పంపించేవారు.

వంటింట, తోటలో, దారిలో

ఇక ఆయన దినచర్యలోకి వెళదాము. ఫ్రాన్సిస్ పెద్ద పండితుడు కారు. శాస్త్రచర్చలు చేసినవారు కారు. సువార్తలో విన్న మాట ఏదైనా ఇంట్లో, వీధిలో, తోటలో వస్తువై కనబడితే అక్కడ ఆగిపోయేవారు.

రాళ్ల మీద నడవవలసి వస్తే మెల్లగా, భక్తితో అడుగు వేసేవారు. కారణం, క్రైస్తవ గ్రంథాలు క్రీస్తును బండతో పోల్చుతాయి. చేతులు కడుగుకొన్న నీరు కాళ్ల కింద పడని చోటు చూసి కడుగుకొనేవారు. జ్ఞానస్నానంలో ఆత్మను శుద్ధి చేసేది ఆ నీరే కదా అని ఆయన భావన. వంటచెరకు కోసం వెళ్లే సోదరునితో, చెట్టును మొదలంటా నరకవద్దని, మళ్లీ చిగురించడానికి కొంత భాగం వదలమని చెప్పేవారు. మానవుల రక్షణ కార్యం కొయ్య శిలువ మీద జరిగినదన్న తలపుతో ఆయనకు ప్రతి చెట్టు మీద ఆ గౌరవం కలిగింది. దీపాన్ని గాని కొవ్వొత్తిని గాని ఆర్పడానికి ఆయన చేయి ఆడేది కాదు. వెలుగు ఆయనకు దైవసన్నిధికి గుర్తు.

కూరగాయల తోట పెంచే సోదరుడు నేలంతా కూరపాదులతో నింపబోతే ఆయన ఒప్పుకోలేదు. కొంత భాగం పచ్చికకు, పూల మొక్కలకు విడిచిపెట్టమన్నారు. పూవును చూసినవారికి పూవును చేసినవాడు జ్ఞాపకం రావాలని ఆయన ఉద్దేశం. దారిలో పురుగు కనబడితే ఎవరి కాలి కింద నలిగిపోతుందోనని తీసి పక్కన పెట్టేవారు. దావీదు కీర్తనలలో ఒకచోట ఆర్తుడు తనను తాను పురుగుతో పోల్చుకొంటాడు. క్రైస్తవులు ఆ ఆర్తుడు క్రీస్తేనని భావిస్తారు. శీతకాలంలో తేనెటీగలు ఆకలితో చనిపోకుండా వాటికి తేనె గాని ద్రాక్షరసం గాని పెట్టించేవారు. అదే తేనెటీగలను ఆధారం చేసుకొని సోమరులకు బుద్ధి కూడా చెప్పారు. ప్రార్థన చేయక, భిక్షకు పోక, భోజనం వేళకు మాత్రం ముందుండే ఒక సోదరుణ్ణి ఈగ అని పిలిచి సాగనంపారు. తేనెటీగల కష్టాన్ని తినిపోయేది ఈగ.

ఇల్లాళ్లకు తప్పక నచ్చే సంగతి మరొకటి ఉన్నది. మరునాటి వంటకు గింజలను ముందురోజు సాయంత్రమే నానబెట్టడం మనకు అలవాటు. ఫ్రాన్సిస్ తన సంఘంలో వంట చేసే సోదరుణ్ణి అలా చేయవద్దన్నారు. రేపటిని గూర్చి చింతించవద్దన్న క్రీస్తు బోధకు అది విరుద్ధమని ఆయనకు తోచింది. ఆ వంటవాడు పాపం అర్ధరాత్రి ప్రార్థన ముగిసిన తరువాత, అంటే తేదీ మారిన తరువాత, గింజలు నీటిలో వేసేవాడట. గృహస్థులమైన మనం ఆ నియమం పాటించలేము, పాటించనవసరం లేదు. అయినా, నానబెట్టిన గిన్నె మీద మూత పెట్టేటప్పుడు రేపటి దినం మన చేతిలో లేదన్న మాట ఒక్కసారి గుర్తుకు వస్తే మంచిదే.

నేల మీద వ్రాత ఉన్న కాగితం ముక్క, తోలు ముక్క కనబడితే ఆయన ఎత్తి శుభ్రమైన చోట ఉంచేవారు. అది అన్యమతస్థుల వ్రాత అయినా సరే. దేవుని నామం కూర్చబడేది ఆ అక్షరాలతోనే కదా అని ఆయన సమాధానం. అక్షరాన్ని కాలితో తాకితే కళ్లకద్దుకొనే మన ఇళ్లలో ఈ సంగతికి వ్యాఖ్యానం అక్కరలేదు.

ఒకసారి దారిలో ఒక మనిషి రెండు గొఱ్ఱెపిల్లలను కట్టి భుజాన వేలాడదీసుకొని సంతకు పోతున్నాడు. అవి అరుస్తుంటే ఫ్రాన్సిస్ చూడలేకపోయారు. గొఱ్ఱెపిల్ల క్రైస్తవులకు బలియైన క్రీస్తుకు ప్రతీక. చలికి కప్పుకోమని ఎవరో ఆనాడే ఇచ్చిన పైవస్త్రాన్ని ఆ మనిషికి ఇచ్చి గొఱ్ఱెపిల్లలను తీసుకొన్నారు. తీసుకొన్నాక వాటిని ఏమి చేయాలో తోచలేదు. సహచరునితో ఆలోచించి, వాటిని అమ్మకుండా, చంపకుండా చక్కగా పెంచమని చెప్పి ఆ మనిషికే తిరిగి ఇచ్చివేశారు. లోకజ్ఞుడైన వర్తకుని కుమారుడు చేసిన వ్యాపారం ఇది!

పక్షుల కథ కూడా ఇటువంటిదే. బెవాన్యా పట్టణం సమీపంలో అనేక పక్షులు వాలి ఉండగా ఆయన వాటి వద్దకు పరుగెత్తారు. అవి ఎగిరిపోకపోవడం చూసి, ఈకలను బట్టగాను, గాలిని నివాసంగాను ఇచ్చిన దేవుణ్ణి కొనియాడమని వాటికి చెప్పారు. చిత్రకారులు ఇక్కడితో ఆపుతారు. థామస్ మరొక మాట కూడా వ్రాశారు. పక్షులు అంత శ్రద్ధగా వినడం చూసి, ఇన్నాళ్లూ వాటికి బోధించకపోవడం తన నిర్లక్ష్యమేనని ఫ్రాన్సిస్ తనను తాను నిందించుకొన్నారట. గుబ్బియో పట్టణపు తోడేలును ఆయన మచ్చిక చేసిన కథ ఎంతో ప్రసిద్ధం. అది ఆయన తరువాత నూరేళ్లకు పైబడిన కాలంలో కూర్చిన గ్రంథంలో కనబడుతున్నది.

పశువుల పాక

1219లో క్రైస్తవ సేనలు, ఈజిప్టు సేనలు దమియెట్టా నగరం వద్ద ఘోర యుద్ధంలో ఉండగా, ఫ్రాన్సిస్ ఆయుధం లేకుండా శత్రు శిబిరంలోకి వెళ్లి సుల్తాన్ అల్ కామిల్‌ను కలుసుకొన్నారు. సుల్తాను ఆయనను ఆదరించి క్షేమంగా పంపించాడు. ఇటలీకి తిరిగివచ్చేసరికి సంఘం చాలా పెరిగింది. పెరిగిన కొద్దీ తొలినాటి నిరాడంబరత తగ్గుతూ వచ్చింది. 1220లో ఆయన నాయకత్వాన్ని విడిచిపెట్టారు. తాను నాటిన చెట్టు తాననుకొన్న వైపు పెరగడం లేదన్న బాధ ఆయనను చివరిదాకా విడువలేదు.

ఆ బాధలోనే 1223 క్రిస్మస్ వచ్చింది. గ్రేచ్చో అనే కొండ పల్లెలో ఉన్న ఒక భక్తునికి ఫ్రాన్సిస్ కబురు పెట్టి గడ్డి, పశువుల తొట్టి, ఎద్దు, గాడిద సిద్ధం చేయించారు. రాత్రి పల్లె ప్రజలు కాగడాలు, కొవ్వొత్తులు పట్టుకొని అడవి దారిన వచ్చారు. ఆ తొట్టి మీదుగా పూజ జరిగింది. బేత్లెహేము అనే ఊరి పేరు పలికేటప్పుడు ఫ్రాన్సిస్ కంఠం గొఱ్ఱెపిల్ల అరుపులా ధ్వనించినదని థామస్ వ్రాశారు. దేవుడు పేదగా పుట్టాడన్న విషయాన్ని ఉపన్యాసంతో గాక గడ్డి వాసనతో, పశువుల ఊపిరితో ఆయన ఆ పల్లెవారికి తెలియజేశారు. నేడు క్రిస్మస్ వేళ చర్చీలలోను, క్రైస్తవుల ఇళ్లలోను అలంకరించే పశువుల పాకకు ఆ గ్రేచ్చో రాత్రి గొప్ప ప్రేరణగా నిలిచింది.

మరుసటి ఏడు, 1224లో, లా వెర్నా అనే పర్వతం మీద ఏకాంతంలో ఉండగా, ఆయన దేహం మీద క్రీస్తు శిలువ గాయాలను పోలిన గాయాలు ఏర్పడినట్లు సమకాలికులు వ్రాశారు. అక్కడ గూడు కట్టుకొన్న ఒక డేగ రాత్రివేళ ప్రార్థన సమయానికి అరచి ఆయనను లేపేదని, ఆయన అస్వస్థులుగా ఉన్నప్పుడు మాత్రం తెల్లవారేదాకా ఊరుకొనేదని కూడా చెబుతారు.

యాభై రోజుల చీకటి

తూర్పు దేశపు ప్రయాణంలో సోకినదని చెప్పే నేత్రవ్యాధి అప్పటికి ముదిరింది. 1225లో ఆయన శాన్ దమియానో పక్కన చాపలతో అల్లిన చిన్న గదిలో ఉన్నారు. యాభై రోజులకు పైగా పగటి వెలుగును గాని, రాత్రివేళ మంట వెలుగును గాని భరించలేకపోయారు. కళ్ల నొప్పి వలన నిద్ర లేదు. దానికి తోడు ఎలుకలు. అవి ఒంటి మీద పరుగెత్తి, భోజనం కూడా చేయనివ్వలేదు. ఒక రాత్రి ఆయనకు తన మీద తనకే జాలి కలిగింది. ఓర్చుకొనే శక్తి ఇమ్మని దేవుణ్ణి వేడుకొన్నారు. ఈ బాధకు బదులుగా తరగని సంపద లభిస్తుందన్న అభయం ఆయన అంతరంగానికి అందింది.

తెల్లవారి లేచి కూర్చుని, సహచరులను పిలిచి ఒక కీర్తన చెప్పారు. అది పండితుల లాటిన్‌లో లేదు. ఆ ప్రాంతపు వాడుక భాషలో ఉన్నది. ఇటాలియన్ సాహిత్యంలోని తొలి రచనలలో దానికి స్థానం లభించింది. అందులో సూర్యుడు అన్నగారు, చంద్రుడు, నక్షత్రాలు అక్కచెల్లెళ్లు, గాలి, నిప్పు సోదరులు, నీరు సోదరి, భూమి సోదరి, తల్లి కూడా. ఆ భాషలో సూర్యుడు, గాలి, అగ్ని పుంలింగాలు; చంద్రుడు, నీరు, భూమి స్త్రీలింగాలు. మనకు చందమామ మేనమామ కాగా ఆయనకు సోదరి కావడానికి కారణం ఇదే. వీరందరి మూలంగా, వీరందరితో కూడి, దేవునికి స్తుతి కలగాలన్నది ఆ కీర్తన సారం.

మహాశయులారా, ఆలోచించండి. ఇరవై దాటిన వయసులో రెండు కళ్లూ బాగున్నప్పుడు పొలాలను చూసి ఏమీ పొందలేకపోయిన మనిషి, నలభై మూడేళ్ల వయసులో వెలుగు సోకితేనే నొప్పి పుట్టే కళ్లతో, ఎలుకల మధ్య కూర్చుని, తనను బాధిస్తున్న ఆ వెలుగునే అన్నగా కీర్తించారు. కన్ను అందించినది ఆయన ఏనాడో మనసులో దాచుకొన్నారు.

ఆ కీర్తన అందమైన పదాల దగ్గర ఆగిపోలేదు. ఆ రోజులలోనే అసిసీ బిషప్‌కు, నగరాధికారికి తీవ్రమైన వైరం వచ్చింది. బిషప్ అధికారిని చర్చి నుండి వెలివేశాడు. అధికారి బిషప్‌తో ఎవరూ క్రయవిక్రయాలు చేయరాదని చాటింపు వేయించాడు. వారిని కలపడానికి ఎవరూ ముందుకు రావడం లేదని ఫ్రాన్సిస్ సిగ్గుపడ్డారు. క్షమించేవారిని, ఓర్చేవారిని గూర్చి తన కీర్తనకు ఒక చరణం చేర్చి, ఇద్దరినీ బిషప్ భవనం ముంగిట సమావేశపరచి, సోదరుల చేత పాడించారు. పాట ముగిసేసరికి ఇద్దరూ ఒకరినొకరు క్షమించుకొని ఆలింగనం చేసుకొన్నారు. సూర్యుణ్ణి, నీటిని కీర్తించిన పాట తగవులో ఉన్న ఇద్దరు మనుషులను కలపలేకపోతే అది అసంపూర్ణమని ఆయన తలచినట్లున్నది.

అగ్ని సోదరునికి విన్నపం

రియేతి సమీపాన ఒక వైద్యుడు చికిత్సకు పూనుకొన్నాడు. ఆనాటి వైద్యం ఎర్రగా కాల్చిన ఇనుముతో దవడ నుండి కనుబొమ దాకా వాత పెట్టడం. ఇనుము కాలుతుంటే ఫ్రాన్సిస్‌కు భయం వేసింది. నిన్ను నేను ఎల్లప్పుడూ ప్రేమించాను కనుక నా పట్ల ఈ వేళ మృదువుగా ఉండమని అగ్ని సోదరుణ్ణి వేడుకొన్నారు. వాత పెట్టేటప్పుడు చూడలేక సహచరులు బయటికి పరుగెత్తారు. తిరిగివచ్చాక, తనకు నొప్పి తెలియలేదని ఆయన వారిని మెత్తగా మందలించారు. ఆ చికిత్స వలన చూపు రాలేదు. ఆ తరువాతి వైద్యం కూడా ఫలించలేదు.

తన వలన జరిగిన ఒక తప్పును ఆయన ఈ దశలో ఒప్పుకొన్నారు. సృష్టిలోని ప్రతి ప్రాణిని ఆదరించిన తాను తన దేహాన్ని మాత్రం ఉపవాసాలతో, కఠిన నియమాలతో హింసించానని గ్రహించి, సోదర దేహాన్ని క్షమాపణ కోరారు. మహాత్ములు కూడా కొన్ని పాఠాలు ఆలస్యంగా నేర్చుకొంటారు.

1226లో వైద్యుడు ఇక ఆశ లేదని చెప్పగా, తన కీర్తనకు చివరి చరణం చేర్చి మృత్యువును కూడా సోదరిగా స్వాగతించారు. పోర్ట్సియుంకోలాకు తీసుకొని వెళ్లమన్నారు. తన కోరిక మేరకు నేల మీద పడుకోబెట్టగా, 1226 అక్టోబరు 3 సాయంకాలం కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 45 ఏళ్లకు మించలేదు.

ఆయనకు పక్షులలో మిక్కిలి ఇష్టమైనది భరతపక్షి. మట్టి రంగు ఈకలు, నెత్తిన చిన్న కుచ్చు, దారి వెంట గింజలు ఏరుకొని తినడం, ఆకాశంలోకి ఎగిరి పాడడం దాని స్వభావం. మట్టి రంగు అంగీ, తలముసుగు, భిక్షాన్నం, దైవస్తుతి గల సన్యాసికి ఆ చిన్నపిట్టయే ఆదర్శమని ఆయన చెప్పేవారు. భరతపక్షులు పగటి వెలుగును కోరుతాయి. చీకటి పడేవేళ ఎగరవు. అయినా ఆ సాయంకాలం ఆయన ఉన్న కుటీరం మీద అవి గుంపుగా తిరుగుతూ పాడాయని సహచరులు చెప్పుకొన్నారు.

మనకు మిగిలినది

1228లో పోపు తొమ్మిదవ గ్రెగరీ ఆయనను పునీతునిగా ప్రకటించారు. 1979లో పోపు రెండవ జాన్ పాల్ ఆయనను పర్యావరణ పరిరక్షకులకు పాలక పునీతునిగా నిర్ణయించారు. 1986లో వివిధ మతాల పెద్దలు శాంతి కోసం ప్రార్థించడానికి సమావేశమైనది అసిసీలోనే. 2013లో ఎన్నికైన పోపు ఆయన పేరునే స్వీకరించి, భూమి సంరక్షణను గూర్చి 2015లో వెలువరించిన లేఖకు ఆయన కీర్తనలోని మాటనే శీర్షికగా ఉంచారు. 2026 అక్టోబరు 3 నాటికి ఫ్రాన్సిస్ కన్నుమూసి 800 ఏళ్లు.

ఇన్ని గౌరవాల నడుమ ఆ కుష్ఠువ్యాధిగ్రస్తుని పేరు ఎవరికీ తెలియదు. కాని ఫ్రాన్సిస్‌కు చూపునిచ్చిన తొలి గురువు అతడే. చెట్టును, పిట్టను, సూర్యోదయాన్ని చూసి పరవశించడం మనకు సులభం. మన ఇంటిలోనే మంచం పట్టిన వృద్ధుని గదిలోకి, ఎంతోకాలంగా మాటలు లేని తోబుట్టువు ఇంటిలోకి అడుగు పెట్టడం కష్టం. ఈ ఆదివారం ఏ తోటకో, ఏటి ఒడ్డుకో వెళ్లాలని మీరు అనుకొంటే తప్పక వెళ్లండి. పోయే దారిలో, ఇన్నాళ్లూ మీరు తప్పుకొని తిరిగిన ఆ గుమ్మం ఎదుట ఒక్కసారి ఆగి, తలుపు తట్టి, ఆ తరువాత వెళ్లండి.